పుష్యమాసంలో ఏడు పెళ్లిళ్లు

జీతం లేని సెలవుకు నిబంధనలు రాయమని జగన్మోహన్ దొర నాకు చెప్పిన రోజున వడ్ల బండ్లు మిల్లు ఆవరణ నిండి రోడ్డు దాకా నిలబడి ఉన్నాయి. పోలీసు చర్య జరిగి ఏడాది దాటింది. మానుకోటలో రైలు కట్ట పక్కనున్న ఆ బియ్యం మిల్లులో నెల జీతం మీద నలభై మంది పనిచేసేవాళ్లు. నేను అక్కడ మున్షీని. హాజరు వేయడం, ఉత్తరాలు రాయడం, వచ్చిన కాగితం చదివి చెప్పడం నా పని.

దొరది గూడూరు వైపు ఊరు. నలభై ఏడులో జనం ఆయన ధాన్యపు కొట్టు తెరిచి పంచుకున్నప్పుడు పారిపోయి వచ్చాడు. మిలట్రీ వచ్చాక కూడా ఊరికి పోకుండా మానుకోటలోనే మిల్లు పెట్టాడు. ఆ ఊళ్లో ఆయన గడీలో వెట్టి చేసినవాళ్లకు సెలవన్న మాట తెలియదు. జీతమే లేనివాళ్లకు జీతం లేని సెలవేమిటి? ఇప్పుడు హైదరాబాదు నుంచి కాగితం వచ్చింది, ప్రతి మిల్లూ తన సెలవుల పద్ధతి రాసి గోడకు పెట్టాలని. ఆ వారంలోనే బియ్యం చెరిగే ఆడవాళ్లు ఇద్దరు చెప్పకుండా నాలుగు రోజులు రాలేదు.

"సెలవు ఇస్తున్నట్టే ఉండాలె హన్మంతూ, ఎవ్వడూ అడగకుంట ఉండాలె. కాలేజీల చదివినోనివి, నీకు వేరే చెప్పాల్నా" అన్నాడు దొర.

చదివినవాణ్నే. కానీ నేను రాయడానికి కూర్చున్నప్పుడు నాకు గుర్తొచ్చింది కాలేజీ కాదు, జనగామ. అక్కడి పత్తి మిల్లులో చిన్న గుమాస్తాగా ఉన్నప్పుడు నా భార్య సుగుణ హనుమకొండ దవాఖానలో పదకొండు రోజులుండి చనిపోయింది. పెద్ద గుమాస్తా ముత్తయ్యగారు నా ముఖం చూసి పొమ్మన్నారు. ఎందుకని అడగలేదు, ఎన్నాళ్లని అడగలేదు. నేను తిరిగి వచ్చిన రోజు నా బల్ల మీద దుమ్ము తుడిచి ఉంది. సిరా బుడ్డి నింపి ఉంది. ఆయనే నింపారని తర్వాత తెలిసింది.

అదే మనసులో పెట్టుకుని రాశాను. ఏడాదికి పదిహేను రోజులు. ముందు చెప్పగలిగినవాళ్లు ముందు చెప్పాలి, చెప్పలేనివాళ్లు వచ్చాక చెప్పాలి. పోయిన మనిషి చోటు ఆ మనిషికే ఉంటుంది. కారణం అడగరాదు.

దొర నీలం పెన్సిలు తీసి నాలుగూ కొట్టేశాడు. తను చెబుతుంటే నన్ను రాసుకొమ్మన్నాడు. ఏడాదికి మూడు రోజులే. ఒకరోజు ముందు అర్జీ పెట్టాలి. ఎందుకు పోతున్నారు, ఏ ఊరికి, ఎవరింటికి అన్నది రాసి వేలిముద్ర వేయాలి. జబ్బయితే డాక్టరు చీటీ ఉండాలి. చావయితే ఆ ఊరి పోలీస్ పటేల్ సంతకం ఉండాలి. అర్జీలన్నీ కలిపి ప్రతి శనివారం మిలట్రీ క్యాంపుకు ఒక జాబితా పోవాలి.

క్యాంపుకెందుకని అడిగాను.

"ఎవడు యే ఊరికి పోతుండో వాండ్లకు ఎర్కుండాలె గద. మనమేమన్న దాస్తున్నమా?"

నేను అప్పుడే లేచి వెళ్లిపోవలసింది. లేవలేదు. నెలకు ఇంత అని వచ్చే జీతం, ఒంటరి గది, దాంట్లో సుగుణ పెట్టె. వాటి కోసం కూర్చుండిపోయి గుండ్రటి అక్షరాలతో శుద్ధ ప్రతి రాశాను. దొర నా దస్తూరి మెచ్చుకున్నాడు. ఆ మెప్పు తలుచుకుంటే ఇప్పటికీ నా చెవులు కాలుతాయి.

మరునాడు మధ్యాహ్నం అన్నం వేళకు అందరినీ కూర్చోబెట్టి చదివి వినిపించాను. హమాలీల పెద్ద కనకయ్య సగం వినేసరికే చెయ్యెత్తాడు.

"మున్షీసాబ్, మా అత్త ఎన్నడు సస్తదో ఒకరోజు ముందుగాల చెప్పాలంటె ఆమెనే అడగాలె. ఆమె నాతోని మాట్లాడది."

అందరూ నవ్వారు. చెరిగే ఆడవాళ్లకు పెద్ద మార్తమ్మ మాత్రం నవ్వలేదు. మా ఊరి పటేలు సర్కారు తుపాకులకూ భయపడి, సంగపోళ్ల తుపాకులకూ భయపడి వరంగల్లుల దాక్కున్నడు, ఆయన సంతకం తెచ్చేదాంక పీనుగను ఎండబెట్టుకోవాల్నా అని అడిగింది. ఆమె గోడకున్న కాగితం దగ్గరికి వచ్చి, చదువు రాకపోయినా కాసేపు చూసింది.

"గిది రాసిన చెయ్యి ఎవ్వలిది?"

"నాదే."

"అక్షరం మంచిగున్నది" అని పోయి తన చాట ముందు కూర్చుంది.

ఆ రోజే నిశ్చయించుకున్నాను. అర్జీలు రాసేది నేనే, వేలిముద్ర వేసేవాళ్లకు చదువు రాదు. కారణం దగ్గర ఎవరూ నిజం చెప్పనక్కర లేదు, నేనూ రాయను. జబ్బు అని రాస్తే చీటీ కావాలి, చావు అని రాస్తే సంతకం కావాలి. ఏ చీటీ అక్కర లేనిది పెళ్లి ఒక్కటే. కనకయ్య బావమరిది క్యాంపులో దెబ్బలు తిని బయ్యారంలో మంచాన పడ్డాడు. కనకయ్య చూడబోతానంటే, బయ్యారంలో పిన్ని కొడుకు పెళ్లని రాశాను. మార్తమ్మ అక్కను ఇంట్లోంచి వెళ్లగొట్టారు. నేను అక్క కూతురి పెళ్లని రాశాను. అలా మొదటి శనివారం జాబితా పోకముందే ఆరు పెళ్లిళ్లు చేశాను. కొన్నింటికి పెళ్లికూతుళ్ల పేర్లు కూడా పెట్టాను. అది రాస్తున్నప్పుడు చాలా రోజుల తర్వాత నాకు కొంచెం హాయిగా అనిపించింది.

ఏడోది మోతీబాయిది. ఆమె తండా గూడూరు అవతల అడవి అంచున ఉండేది. మిలట్రీవాళ్లు గుడిసెలు కాల్చి తండానంతా తెచ్చి రోడ్డు పక్కన కంచెలో పెట్టారు. అప్పటికే మిల్లులో పనికి కుదిరింది కాబట్టి ఆమె కంచె బయట మిగిలింది. గురువారం సాయంత్రం వచ్చి శుక్రవారం నుంచి మూడు రోజులు కావాలంది. ఎందుకో చెప్పొద్దన్నాను.

"రాసేటోనికి చెప్పకుంటె ఇంకెవ్వలకు చెప్పుకోవాలె సాబ్" అని నెమ్మదిగా చెప్పేసింది. కొడుకు జైసింగ్ దళానికి రొట్టెలు మోసేవాడు. తొడలో గుండు తగిలింది. అడవిలో ఒక మేకల కొట్టంలో పడి ఉన్నాడు. ఆ చోటు తెలిసినవాళ్లు ఇద్దరే, వాళ్లలో ఒకరు తను. మందు, కట్టుగుడ్డ తీసుకుపోవాలి. కాలు నేల మోపగలిగితే వాణ్ని అక్కడి నుంచి దాటించాలి. నాకు ఇంత చెప్పినందుకు ఆమె మీద కోపం వచ్చింది, భయం వల్ల. మీకు ఇంకెక్కడైనా చుట్టాలున్నారా అని అడిగాను. నెల్లికుదురు దగ్గరి తండాలో తమ్ముడు మాన్‌సింగ్ ఉన్నాడనీ, అతని కూతురు గంగిని చిన్నప్పుడు తానే సాకాననీ చెప్పింది. గూడూరు ఒక దిక్కు, నెల్లికుదురు ఇంకో దిక్కు. మేనకోడలు గంగి పెళ్లి, మాన్‌సింగ్ ఇల్లు అని రాసి వేలిముద్ర తీసుకున్నాను.

శనివారం పొద్దున దొర జాబితా అడిగాడు. ఆయన ముందు పంచాంగం తెరిచి ఉంది. కొత్త బాయిలరుకు ముహూర్తం అడిగితే, ఇది పుష్యం, మాఘం దాకా ఆగమని అయ్యగారు చెప్పి పోయాడట. దొర ఒక చేత్తో పంచాంగం, ఒక చేత్తో నా జాబితా పట్టుకుని రెండూ మార్చి మార్చి చూశాడు. తర్వాత కుర్చీ కదిలేలా నవ్వాడు.

"పుష్యమాసంల ఏడు లగ్గాలా హన్మంతూ? ముహూర్తాలు నువ్వే పెట్టినవా?"

పుష్యంలో పెళ్లి చెయ్యరని పసిపిల్లలకు కూడా తెలుసు. సుగుణ పోయిన తర్వాత మా ఇంట్లో పంచాంగం లేదు. ఏ శుభకార్యానికీ నేను పోలేదు. నెలలు నాకు జీతం రోజుల్ని బట్టే తెలిసేవి. రాసిన నేనూ, వేలిముద్ర వేసిన వాళ్లూ కూడా దాన్ని గురించి ఆలోచించలేదు. వాళ్లకు కావలసింది సెలవు, నాకు కావలసింది ఒక మాట.

దొర నవ్వడం ఆపాడు. మార్తమ్మది కిరస్తానం, పోనీ అన్నాడు. కనకయ్య ఎటూ తిరిగొచ్చాడు, పోనీ అన్నాడు. మోతీబాయి పేరు దగ్గర వేలు ఆపాడు. తన కొట్టు తెరిచిన నాడు సంచులు మోసినవాళ్లలో జైసింగ్ ఉన్నాడని ఆయన మరిచిపోలేదు.

"యేడికి పోయిందది?"

"పెళ్లికే. లంబాడీలకు పుష్యం పట్టింపు లేదు దొరా."

"గట్లనా. రేపు పొద్దుగాల క్యాంపు జీపు నెల్లికుదురు పోతది. మన రాజయ్య వెంట పోతడు. దాని మొఖం వానికి ఎరికే. లగ్గం ఉంటె పప్పన్నం తిని వస్తరు. లేకుంటె తండాల ఒక్కొక్కన్ని అడుగుతరు, మోతీబాయి యాడున్నదో, కొడుకు యాడున్నడో."

రాజయ్య మిల్లు గేటు కాపలావాడు. గడీలో పుట్టి పెరిగినవాడు. గేటు దగ్గర ఎవరు ఎవరితో మాట్లాడినా సాయంత్రానికి దొర చెవిన పడేది. వాడి ముందు కనకయ్య కూడా నోరు మూసుకునేవాడు.

మధ్యాహ్నం మిల్లు కూత కూయగానే ఎవరికీ చెప్పకుండా సైకిలెక్కాను. దారి పొడవునా నన్ను నేను తిట్టుకున్నాను. తిట్టుకోవడం చాలక దొరను తిట్టాను, రాజయ్యను తిట్టాను, పంచాంగం రాసినవాళ్లను తిట్టాను. ఒక తల్లి గాయపడ్డ కొడుకు దగ్గరికి పోవడానికి ఇంకెవరిదో పెళ్లి కావాలా? తొమ్మిది మైళ్లూ ఆగకుండా తొక్కి తండా చేరాను.

మాన్‌సింగ్ జొన్న చొప్ప పేరుస్తున్నాడు. జీపు వచ్చేసరికి గంగి పెళ్లి జరుగుతుండాలని నేను చెప్పిందంతా నిలబడే విన్నాడు. అతని కోపం మెల్లగా పైకి వచ్చింది.

"మా పిల్ల లగ్గం నీ కాయితంల పెట్టినవా? నన్ను అడగకుంటనా?"

"పెట్టాను."

"మా లగ్గాలు ఎండకాలం జేస్తం, పంట చేతికొచ్చినంక. పిల్ల రవికెలకు అద్దాలు గూడ కుట్టలేదింక. నీ దొర కోసం నేను పిల్లను తోలాల్నా?"

దొర కోసం కాదు, మీ అక్క కోసం అన్నాను. అతను చొప్ప కట్ట నేలకేసి కొట్టాడు. నా గొంతు పట్టుకుంటాడేమో అనుకున్నాను. పట్టుకున్నా నేను ఊరుకునేవాణ్నే. గంగి గుడిసె గుమ్మంలో నిలబడి అంతా వింది. పదిహేడేళ్లుంటాయి. పక్క తండా ధర్మాతో ఆమెకు మాట ఖాయమై ఏడు నెలలైంది. తండ్రితో వాళ్ల భాషలో ఏదో అంది. మాన్‌సింగ్ తల తిప్పుకున్నాడు. తర్వాత నాకు తెలుగులో చెప్పాడు, మేనత్త కోసం అయితే చేయమంటుంది పిల్ల అని. చెప్పి, మేకను పట్టుకురమ్మని ఎవరినో కేకేశాడు.

తెల్లవారేసరికి ధర్మా తరఫువాళ్లు వచ్చారు. పాటలు మొదలయ్యాయి. అది నాటకమని ఎవరూ అనుకోలేదు. పసుపు నిజం పసుపు, పెళ్లి నిజం పెళ్లి. నేను ఒక మూల కూర్చుంటే ఎవరో ముసలామె వచ్చి నా భుజాల మీద గొంగడి వేసి పోయింది. ఆ తండాకు నేను తెచ్చిన ఆపద తెలిసి కూడా వేసింది.

ఎండ ఎక్కాక జీపు వచ్చింది. జమాదారు, నలుగురు సిపాయిలు, వెనక రాజయ్య. తుపాకులు చూసి పాట ఒక్క క్షణం ఆగింది, మళ్లీ మొదలైంది. జమాదారు హిందీలో అడిగాడు, పెళ్లికూతురు ఎవరు, మోతీబాయి ఎవరు.

లంబాడీ పిల్ల అత్తవారింటికి కదిలేముందు చుట్టాల మెడ పట్టుకుని, ఒక్కొక్కరికీ ఒక్కో పాట కట్టి ఏడుస్తుంది. గంగి అప్పటికే తల్లి మెడ పట్టుకుని ఏడుస్తోంది. జమాదారు మాట వినగానే తల్లిని వదిలి, ముసుగు కప్పుకుని నిలబడ్డ రామి అనే పొరుగామె మెడ చుట్టుకుంది. మేనత్తను పిలిచే పిలుపుతో పిలుస్తూ గొంతెత్తింది. రామి వయసూ, ఒడ్డూ పొడుగూ మోతీబాయివే. కానీ ముసుగులోంచి గడ్డం కనబడుతోంది. మోతీబాయి గడ్డం మీద పచ్చబొట్టు మూడు చుక్కలుంటుంది. రామి గడ్డం మీద ఏమీ లేదు.

జమాదారు రాజయ్య వైపు తిరిగాడు. ఇదేనా అన్నాడు.

రాజయ్య దగ్గరికి నడిచాడు. ఏడాదిగా ప్రతి పొద్దూ మోతీబాయి గేటు దాటడం చూసినవాడు. రామి ముఖంలోకి వంగి చూశాడు. తర్వాత తల తిప్పి, గుంపులో ఉన్న నన్ను కూడా చూశాడు. తొమ్మిది మైళ్లు ఈ మనిషిని కూడా తిట్టుకుంటూ వచ్చానని నాకు అప్పుడు గుర్తొచ్చింది.

"గామెనే" అన్నాడు రాజయ్య.

అంతే. పెట్టిన బెల్లం అన్నం ఆకులో వేయించుకుని, ఒక పక్కన కూర్చుని తినేసి, నా వైపు మళ్లీ చూడకుండా జీపెక్కాడు. ఎందుకలా చెప్పాడో నేను వాణ్ని ఎన్నడూ అడగలేదు. అడిగితే వాడికి ప్రమాదం. కారణం అడగరాదని నేనే కదా రాసుకున్నాను.

సోమవారం దొర ముఖం మాడ్చుకుని ఉన్నాడు. లగ్గం నిజమేనట, మోతీబాయి అక్కడే ఉందట అన్నాడు. చెప్పకుండా శనివారం మధ్యాహ్నం ఎటు పోయావని నన్ను అడిగాడు. తల నొప్పి అన్నాను. పెన్ను తీయమన్నాడు. ఇక మీదట పెళ్లికి పోవాలంటే శుభలేఖ చూపాలని ఒక నిబంధన చేర్చమన్నాడు. వేలిముద్రలు వేసేవాళ్లు ఎక్కడి నుంచి తెస్తారు శుభలేఖలు? తుపాకుల మధ్య మెడలు పట్టుకుని ఏడ్చిన ఆ పిల్ల కళ్లముందు నిలిచింది.

"రాయను" అన్నాను.

దొర సరిగా వినలేదనుకుని మళ్లీ చెప్పాడు. నేనూ మళ్లీ చెప్పాను. ఆ కాగితం మొత్తం ఎవరితోనైనా రాయించుకోండి, ఇందులో ఇంకొక అక్షరం నా చేత్తో పడదు అన్నాను. గొంతు పెద్దది చేయడం నాకు అలవాటు లేదు. అయినా బయట సంచులు కుట్టేవాళ్ల చేతులు ఆగడం వినిపించింది. తాళాలు బల్ల మీద పెట్టి పొమ్మన్నాడు. పెట్టి వచ్చాను.

చెరిగే పాకలోంచి బయటికి పోవాలి. మోతీబాయి కూతకు ముందే వచ్చి తన చోట కూర్చుని ఉంది. కాళ్లకు గుడ్డలు చుట్టుకుంది. ముళ్లు గీసిన మోచేతుల మీద రక్తం నల్లగా ఎండి ఉంది. నన్ను చూసి చాట ఆపలేదు.

"నడుస్తుండు" అంది మెల్లగా. "దాటిచ్చిన."

నాకు కళ్ల నీళ్లు వచ్చాయి. పోబోయాను.

"గంగి లగ్గమైందట. మార్తమ్మక్క చెప్పింది."

అయిందన్నాను. జరిగినదంతా క్లుప్తంగా చెప్పాను. జీపు సంగతి, రామి సంగతి, రాజయ్య సంగతి. ఆమె చాట నేల మీద పెట్టింది. ముఖంలో కృతజ్ఞత ఏదైనా ఉంటుందని నేను అనుకున్నట్టున్నాను. లేదు.

"నన్ను పట్టుకొని ఏడ్వాల్సింది రామిని పట్టుకొని ఏడ్చిందా?"

"అవును."

"అది పాలు మరిచిన కాన్నుంచి నా కాడనే పెరిగింది. లగ్గంనాడు నా మెడ పట్టుకొని ఏమంటదో అని ఎన్నేండ్లు సూసిన నేను." ఆమె నా కళ్లలోకి చూసింది. "ఏమన్నది?"

"నాకు మీ భాష రాదు మోతీబాయీ. చాలాసేపు ఏడ్చింది. అత్తా అనే మాట ఒక్కటి తెలిసింది."

"రామిని అడిగితె తుపాకులు సూసి ఏం ఇన్నలేదంటది. గంగికి యాదికుండది. ఏడ్చినప్పుడు వచ్చే మాట మళ్ల రాదు." చాట తీసుకుంది, గింజలు పోసుకుంది. "లగ్గానికి పోతున్ననని కాయితంల రాస్తివి. పోనిదాన్ని నేనొక్కదాన్నే."

నేను గుమ్మం వైపు తిరిగాను.

"అన్ని రాస్తవు గద మున్షీసాబ్" అంది చెరుగుతూ. "గంగి అన్న మాటొక్కటి రాసుకోకపోతివి."